జానకీదేవి సరిదిద్దిన వాక్యం

జానకీదేవి నోటికి భయపడకుండా పాడిన మనిషి అమెరికాలో మా క్యారీ ఊరి చుట్టుపక్కల ఒక్కరూ లేరు. గుడిలో ఏటా జరిగే కచేరీకి ఒకసారి అట్లాంటా నుంచి ఎవరో గాయకుణ్ణి పిలిచారు. అతను కళ్లు మూసుకుని తన్మయంగా ఆలాపన చేస్తుంటే, ముందు వరసలోంచి ఈవిడ చెయ్యెత్తి, "బాబూ, ఆ నిషాదం ఈ రాగంలో లేదు," అంది. మైకు లేకుండానే హాలంతా వినబడింది. మృదంగం వాయించే ఆయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. పక్కన కూర్చున్న నేను సిగ్గుతో చచ్చి, కొంగు సర్దుకునే వంకతో తల దించుకున్నాను. ఆవిడ మాత్రం "కానివ్వండి" అని మళ్లీ తాళం వేస్తూ కూర్చుంది, అందరికీ పెద్ద ఉపకారం చేసినట్టు.

నా పేరు సుమతి. మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. జానకీదేవి భర్త మూర్తిగారు అదే కంపెనీలో కెమిస్టు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆవిడతో నా స్నేహం మాత్రం అప్పటినుంచీ ఇప్పటిదాకా తెగలేదు. తెంచుకుందామని నేను చాలాసార్లు అనుకున్నాను, అది వేరే సంగతి.

డెబ్బైల్లో ఆవిడ ఈ దేశం వచ్చినప్పుడు ఇక్కడ తంబురా లేదు, శ్రుతిపెట్టె లేదు, "భలే" అనేవాళ్లు అసలే లేరు. ఫ్రిజ్ తలుపుకి చెవి ఆనించి, ఆ ఝుమ్మనే మోతలో షడ్జమం వెతుక్కుని సాధన చేసేది. ఫ్రిజ్ ఆగిపోతే పాట ఆపి, అది మళ్లీ మొదలయ్యేదాకా అంట్లు తోముకునేది. ఈ మాట ఆవిడే నాతో చెప్పి నవ్వింది. తరవాత ఊళ్లోకి మనవాళ్లు పెరిగారు. శనివారం పొద్దున్నే వాళ్ల పిల్లలు ఆవిడ ఇంటికి పాఠానికి రావడం, సగంమంది కళ్లనీళ్లతో కారెక్కడం మామూలైంది. తల్లులు నాకు ఫోన్ చేసి, "మీరైనా చెప్పండి ఆంటీ," అని బతిమాలేవాళ్లు. చెప్పే ధైర్యం నాకెక్కడిది?

ఆ కళ్లనీళ్లలో అన్నిటికన్నా ఖరీదైనవి ఆవిడ సొంత కూతురివి. బిందుమాధవి పదహారేళ్ల పిల్లప్పుడు గుడిలో పాడుతుంటే, తల్లి ఒకే పంక్తి దగ్గర మాటిమాటికీ ఆపి, "మళ్లీ ఎత్తుకో," అంది. అందరి ముందూ. బిందు మళ్లీ ఎత్తుకుంది, తల్లి మళ్లీ ఆపింది. చివరికి ఆ పిల్ల మైకు చాప మీద పెట్టి, లేచి, వెళ్లి కార్‌లో కూర్చుంది. ఆ తరవాత బిందు పాడగా ఎవరూ వినలేదు. పుట్టినరోజు పార్టీల్లో అందరూ "హ్యాపీ బర్త్‌డే" పాడుతుంటే కూడా పెదవులు కదిపేదే తప్ప గొంతు బయటికి రానిచ్చేది కాదు. నేను పక్కన నిలబడి చెవి పెట్టి మరీ విన్నాను. ఊపిరి కూడా రాదు.

బిందు పెరిగి డాక్టరయింది. ఆడమ్ అనే యూదుల అబ్బాయిని చేసుకుంటానంది. వియ్యంకుడి పేరు మోర్టీ. మూర్తిగారు అప్పటికి ఉన్నారు. పెళ్లిలో ఎవరో "మూర్తీ" అని పిలిస్తే ఇద్దరూ తిరిగిచూడటం, "మోర్టీ" అంటే మళ్లీ ఇద్దరూ తిరిగిచూడటం. అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. మనవరాలు పుట్టి, దానికి షీరా అని పేరు పెడితే జానకీదేవి మొహం మాడ్చుకుంది. "సిరా ఏమిటే? పిల్లకి ఇంకు పేరు పెడతారా?" అంది. హీబ్రూలో ఆ మాటకి పాట అని అర్థమని ఆడమ్ చెప్పేసరికి "అయితే సరే," అని ఊరుకుంది. పాట అంటేనే పడని కూతురు కన్నబిడ్డకి పాట అని పేరు పెట్టనిచ్చిందే అని నేను మాత్రం ఆశ్చర్యపోయాను.

ఇక అసలు కథ 2011లో జరిగింది. షీరాకి ఆ ఏడు పదమూడు నిండుతాయి. ఆ వయసులో యూదుల పిల్లలు సినగాగ్‌లో అందరి ముందూ నిలబడి, తోలుచుట్ట మీద చేత్తో రాసిన తమ గ్రంథంలోంచి ఒక భాగం వినిపించాలి. చదవడం కాదు, పాడాలి. అక్కడ ప్రార్థన పాటలన్నీ నడిపించే పెద్దాయన ఉంటాడు, కాంటర్ అంటారు. ఆయన షీరా భాగమంతా తన గొంతుతో సీడీలో రికార్డు చేసి ఇచ్చి, వేసవికి దేశం దాటి వెళ్లిపోయాడు. బిందూ ఆడమ్ ఆఫీస్‌ల నుంచి వచ్చేదాకా షీరా అమ్మమ్మ ఇంట్లోనే ఉండేది. వంటింట్లో బెండకాయలు తరుగుతున్న జానకీదేవి చెవిలో ఆ సీడీ పడింది.

ఆ సాయంత్రం నాకు ఫోన్. "సుమతీ, వెంటనే రా. వీళ్లకి రాగముందే!" ఆవిడ గొంతులో అంత ఉద్వేగం నేనెప్పుడూ వినలేదు. కంగారుపడి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. టేబుల్ మీద షీరా పుస్తకం పరిచి ఉంది. హీబ్రూ అక్షరాలకి పైనా కిందా చిన్నచిన్న కొక్కేలు, చుక్కలు, తోకలు.

"ఇవి స్వరాలు కావే. ఒక్కో గుర్తుకి ఒక్కో సంచారం. ఈ కొక్కెం వస్తే ఇలా వెళ్లి ఇలా దిగాలి. ఈ జంట చుక్కలొస్తే ఇక్కడ ఆగాలి. మొత్తం మోహనం ఛాయలో నడుస్తోంది, విను."

షీరా కుర్చీలో కాళ్లు ముడుచుకుని, "అమ్మమ్మా, అసలు థింగ్ చెప్పనా?" అంది తన అమెరికా తెలుగులో. "రియల్ స్క్రోల్‌లో ఈ మార్క్స్ ఉండవు. వవెల్స్ కూడా ఉండవు. అంతా మెమరైజ్ చేయాలి."

నాకు మతిపోయింది. అచ్చులు లేని రాత చూస్తూ, రాతలో లేని వరసలో, వందమంది ముందు ఈ బక్కపిల్ల పాడాలా? జానకీదేవి మాత్రం లేచి నిలబడింది. "రాసుకుని పాడేది సంగీతమేమిటి? వీళ్లెవరో నిజంగా నేర్చుకున్నవాళ్లు," అంది. ఆ రోజునుంచి పాఠం ఆవిడది.

బిందుకి ఈ సంగతి తెలిసి తల్లి ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి మాట్లాడింది.

"అమ్మా, నేర్పు. అది నీ దగ్గర ఇష్టంగా నేర్చుకుంటోంది, వద్దనను. కాని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నలుగురి ముందూ దానికి నీ వల్ల అవమానం జరిగిందా, ఇక అది ఈ ఇంటికి రాదు. నేనూ రాను. ఐ మీన్ ఇట్."

బిందు వెళ్లాక జానకీదేవి ఫ్రిజ్ మీద అయస్కాంతాలతో అతికించిన మనవరాలి ఫోటోలు చూస్తూ చాలాసేపు నిలబడింది. నాకు ఆవిడ మీద జాలేసింది. అంతలోనే కోపమూ వచ్చింది. ఇరవై ఏళ్లకి పైగా కూతురు పాడకపోయినా ఒక్కమాట "పొరపాటైందే" అని ఉంటే ఈ గుమ్మంలో ఈ మాటలు పడేవా? కాని ఆ మాట ఆవిడ నోట రాదు. పాటలో ఎదుటివాళ్ల తప్పులు వినీ వినీ, తనకి తప్పు ఉండగలదన్న సంగతే మరిచిపోయిన మనిషి.

ఆ వేసవిలో షీరాని ఆవిడ ఒక్కసారి కూడా కసురుకోలేదు. నేను కళ్లారా చూశాను కనక చెబుతున్నాను, లేకపోతే నమ్మేదాన్ని కాదు. పిల్ల తప్పు పాడితే చెయ్యి పైకి లేచేది, మళ్లీ దాన్ని బలవంతంగా ఒళ్లోకి దించుకుని, "ఇంకోసారి విందామా అమ్మడూ?" అనేది. గురువుగారు మారిపోయారని పాత శిష్యురాళ్ల తల్లులకి ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

హాలు ఎలా ఉంటుందో చూసి రావాలని ఒక శనివారం మమ్మల్ని మోర్టీ సినగాగ్‌కి తీసుకెళ్లాడు. ఆయన అక్కడ పెద్ద. చదివేవాళ్ల పక్కన నిలబడి, పుస్తకంలో చూస్తూ తప్పులు పట్టడం ఆయన పని. ఆ రోజు చదివినవాడు సూటు వేసుకున్న నడివయసు మనిషి. మధ్యలో ఏదో మాట తప్పు పలికాడు. వెంటనే మోర్టీ గట్టిగా సరైన మాట అన్నాడు. ఆయనొక్కడేనా, కుర్చీల్లోంచి నాలుగైదు గొంతులు అదే మాట విసిరాయి. నేను ఉలిక్కిపడ్డాను. భగవంతుడి సన్నిధిలో, పాడుతున్న మనిషి మీద అరుస్తారా? సూటాయన కించిత్తు కూడా చిన్నబుచ్చుకోకుండా వెనక్కి వెళ్లి, సరిగ్గా పలికి ముందుకి సాగాడు. నేను భయంతో జానకీదేవి వైపు చూశాను. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"సభ అంటే ఇది సుమతీ," అంది నా చెవిలో. "మన గుడిలో నేనొక్కదాన్నే చెడ్డదాన్నయ్యాను. ఇక్కడ పుడితే నాకు సన్మానం చేసేవాళ్లు."

బయటికి వచ్చాక మోర్టీని, ఆ రోజు తన చేతిసంచిలో చిన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె పెట్టుకుని సన్నగా మోగించవచ్చా అని అడిగింది. మోర్టీ తల అడ్డంగా ఊపాడు. శనివారం వాయిద్యాలు ఉండవు, స్విచ్చు వేయడమే ఉండదు, ఒట్టి గొంతులే అన్నాడు. తమ పాత ఆలయం కూలిపోయిన దుఃఖానికి గుర్తుగా మానేశారని తమ పెద్దలు చెప్పేవారన్నాడు. శ్రుతి లేకుండా పాటేమిటని జానకీదేవి దారిపొడుగునా బుగ్గలు నొక్కుకుంది.

జూలై చివర్లో ఆ వాక్యం వచ్చింది. నేను సోఫాలో పేపర్ చదువుకుంటున్నాను. సీడీలో కాంటర్ గొంతు హాయిగా మోహనంలా సాగుతూ, ఒక్క వాక్యం దగ్గర హఠాత్తుగా కిందికి కుంగి, ఏదో ముఖారి తోవ పట్టినట్టు ఏడుపు వరసలో వెళ్లి, తరవాతి వాక్యానికి మళ్లీ మామూలైపోయింది. నాకు ఏమీ తెలియలేదు. జానకీదేవి సీడీ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వింది. పుస్తకంలో గుర్తులు చూసింది. మళ్లీ వింది.

"గుర్తులేమో మామూలువే. ఇదే కొక్కెం పై వాక్యంలో ఉంది, అక్కడ ఒకలా పాడాడు, ఇక్కడ ఇంకోలా పాడాడు. ఒక గుర్తుకి ఒకటే సంచారం కదా. ఈయన తప్పాడు."

"అమ్మమ్మా, కాంటర్ అలా సింగ్ చేశాడు కదా. నేను అలాగే చేస్తాను," అంది షీరా.

"ఆయనకి జలుబమ్మా. ముక్కు ఎలా పట్టేసిందో విను. ఈ ఒక్క ముక్కా వేరే రోజు రికార్డు చేసి అతికించాడు. మొదటి మాట చూడు, ఏఖా. మన ఏక లాగే, కాకపోతే గొంతులో గీరాలి. దాన్ని పై వాక్యంలాగే ఎత్తుకో."

"ఎందుకైనా మంచిది, ఆయనకి ఈమెయిల్ పెట్టి అడగరాదూ?" అన్నాను నేను.

"తప్పు పాడినవాణ్ణి తప్పు పాడావా అని అడుగుతారటే? మర్యాదేనా?" అంది ఆవిడ, మర్యాద మాట తనే ఎత్తి. మోర్టీకి ముందే వినిపించేద్దామంటే షీరా ఒప్పుకోలేదు, తాతగారికి అది సర్‌ప్రైజట. ఆడమ్‌కి చిన్నప్పుడు నేర్చుకున్నది ఒక్క ముక్కా గుర్తులేదు. అలా ఆ వాక్యం సరిదిద్దబడింది. షీరా అమ్మమ్మ చెప్పినట్టే చక్కగా నేర్చుకుంది. ఆ పిల్లకి నేర్పేవాళ్లు మరెవరూ లేరు కనక తప్పని చెప్పేవాళ్లూ లేకపోయారు. దాని తరవాత వచ్చే ప్రవక్తల భాగం, పిల్లకి బరువెక్కువవుతుందని, మోర్టీ తనే చదువుతానన్నాడు.

ఆగస్టు మొదటి శనివారం జానకీదేవి గంధం రంగు పట్టుచీర కట్టుకుంది. మేమిద్దరం మూడో వరసలో కూర్చున్నాం. మా ముందు బిందు, ఆడమ్. మోర్టీ బల్ల పక్కన తన చోట నిలబడ్డాడు. షీరా తెల్లటి శాలువా భుజాల మీద వేసుకుని, చెయ్యి ఆకారంలో ఉన్న వెండిపుల్లతో తోలుచుట్ట మీద మొదటి మాట తాకింది. గొంతు విప్పింది. నా ఒళ్లు పులకరించింది. శ్రుతి లేదు, తాళం లేదు, ఒట్టి పిల్లగొంతు, కాని ఎక్కడా బెసకలేదు. ముసలివాళ్లు ఒకరినొకరు చూసుకుని తలలూపుతున్నారు. మనవరాలితో పాటు జానకీదేవి పెదవులు కదులుతున్నాయి.

ఆ వాక్యం వచ్చింది. "ఏఖా," అని అమ్మమ్మ దిద్దిన మోహనంలోనే హాయిగా ఎత్తుకుంది షీరా.

హాల్లో చిన్న గుసగుస పుట్టింది. మోర్టీ వంగి, మెల్లిగా, "స్వీటీ, ఏఖా," అన్నాడు.

షీరా ఆగింది. మాట తప్పు పలికాననుకుంది పాపం. గొంతు ఇంకాస్త గీరి, "ఏఖా," అని అదే వరసలో మళ్లీ ఎత్తుకుంది.

"నో, నో. ఏఖా," అన్నాడు మోర్టీ.

కుర్చీల్లోంచి ఎవరో "ఏఖా!" అన్నారు. వెనకనుంచి ఇంకొకరు. అందరూ సాయం చేద్దామనే. షీరా మొహం పాలిపోయింది. "అయిఖా" అంది. "ఎఖా" అంది. ప్రతిసారీ హాలు తిరిగి "ఏఖా" అంది. పిల్ల పలికిన మాటే వాళ్లూ పలుకుతున్నారు, అయినా అది తప్పంటున్నారు. ఏం జరుగుతోందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బిందు ముందు కుర్చీ వీపు పట్టుకుని సగం లేచింది. నాకు గుడీ, చాప మీది మైకూ కళ్లముందు మెదిలాయి. ఇంకో క్షణంలో ఈ పిల్ల కూడా దిగి కార్ దగ్గరికి పరిగెడుతుందనుకున్నాను.

అప్పుడు నా పక్కన పట్టుచీర గరగరలాడింది. జానకీదేవి నిలబడింది. చెయ్యి పైకెత్తింది.

కొంగు పట్టుకుని కిందికి లాగాను. ఆవిడ విదిలించుకుంది.

"వెయిట్, ప్లీజ్," అంది ఇంగ్లీషులో. గుడిలో లాగే, మైకు లేకుండానే హాలంతా వినబడింది. "మాట తప్పు కాదు, వరస తప్పు. అంతేనా?"

మోర్టీ నోరు తెరుచుకుని చూసి, అవునన్నట్టు తలూపాడు.

"తప్పు పిల్లది కాదు. కాంటర్‌గారు సరిగ్గానే పాడారు. నేను తప్పనుకుని మార్చాను. తప్పు నాది."

నేను నిర్ఘాంతపోయాను. ముప్ఫయ్యేళ్ల స్నేహంలో ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు. మూర్తిగారు కూడా విని ఉండరు. బిందు వెనక్కి తిరిగి తల్లి మొహంలోకి చూస్తూ అలాగే ఉండిపోయింది.

జానకీదేవి షీరా వైపు తిరిగింది. "అమ్మడూ, సీడీలో ఉన్నట్టు," అంది తెలుగులో. పిల్ల గుడ్లప్పగించి చూసింది తప్ప ఎత్తుకోలేదు. అప్పుడు ఆవిడ తనే ఎత్తుకుంది. మాటలు ముట్టుకోలేదు, అవి వాళ్లవి. ఒట్టి వరస, నోరు మూసి, ముక్కుతో. తప్పని తేల్చి పక్కన పెట్టిన ఆ ఏడుపు వరస ఆవిడకి ఒక్క అణువు పోకుండా గుర్తుంది. శ్రుతిపెట్టె లేదు, భయంతో ఎత్తుకోవడమే పైశ్రుతిలో ఎత్తుకుంది. పైస్థాయిలో గొంతు చీలింది. జీవితంలో చీలని గొంతు వందమంది కొత్తవాళ్ల ముందు చీలింది. ఆవిడ ఆపలేదు. చివరిదాకా దింపి, కూర్చుంది.

షీరా కళ్లు తుడుచుకుని, పుల్లని వెనక్కి జరిపి, తన శ్రుతిలో, మాటలతో, ఆ వరసలో పాడింది. హాల్లో కొందరు తలలు వంచుకున్నారు. తరవాతి వాక్యానికి మళ్లీ మామూలు వరసలోకి ఎక్కింది, ఏమీ జరగనట్టు చివరిదాకా పాడింది. "యషర్ కోయఖ్" అని హాలంతా ఒక్కసారి అంది. బాగా చదివినవాళ్లతో వాళ్లు అలా అంటారట, నీ బలం నిలవాలి అని.

భోజనాల దగ్గర మోర్టీ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఎల్లుండి సాయంత్రం ఇదే హాల్లో నేలమీద కూర్చుని, కూలిన ఆలయం కోసం ఏడ్చే గ్రంథం చదువుతామన్నాడు. ఆ గ్రంథం మొదటి మాట ఏఖా. దాని వరస పేరు కూడా అదే. ఇవే గుర్తులు ఆ గ్రంథంలో ఉంటే ఆ ఏడుపు వరసలోనే పాడతారట. ఆ మాట ముందుగా ఇక్కడ ఒక్కచోట వస్తుంది కనక ఈ ఒక్క వాక్యానికీ ఆ వరస. అదీ సంగతి. వాళ్లు అరిచింది వరస పేరు, పిల్ల విన్నది మాట.

"ఏఖా అంటే ఒంటరి అనా?" అని అడిగింది జానకీదేవి.

"కాదు. ఎలా అని. అక్కడ మోషే అంటాడు, మీ బరువూ మీ తగాదాలూ నేనొక్కణ్ణే ఎలా మొయ్యను అని," అన్నాడు మోర్టీ. "అది సరే, ఆ వరస మీకెలా తెలుసు?"

"తప్పుగా తెలుసు," అంది ఆవిడ.

మోర్టీ నవ్వి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "యషర్ కోయఖ్," అన్నాడు. ఆవిడ నవ్వలేదు. హాలు అవతలి కొసలో చుట్టాల మధ్య నిలబడ్డ బిందు వైపు చూస్తోంది. బిందు ఒక్కసారి కూడా ఇటు రాలేదు. కార్‌లో ఇంటికి వస్తూ జానకీదేవి, "నలుగురి ముందూ అవమానమైంది కదే. అన్నంతా చేస్తుంది," అంది. బిందు మాటంటే మాటే, తల్లి పోలికే.

ఇంటికొచ్చి ఆవిడ పట్టుచీరతోనే వంటింట్లో కుర్చీలో కూలబడింది. నేను కాఫీ పెట్టాను. కాసేపటికి వాకిట్లో కార్ ఆగింది. షీరా పరిగెత్తుకొచ్చి అమ్మమ్మని చుట్టేసి, "అందరూ నిన్ను అడుగుతున్నారు, హూ ఈజ్ షీ అని," అంటూ ఏదో చెప్పబోయింది. వెనకే బిందు వచ్చింది. ఈసారి చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. షీరాని ముందుగదిలోకి వెళ్లమంది. నేనూ లేవబోయాను. "ఉండండి ఆంటీ," అంది. మళ్లీ కూర్చున్నాను.

"అమ్మా," అంది.

జానకీదేవి తలెత్తలేదు.

"శ్రుతి ఎక్కువ ఎత్తుకున్నావు."

నేను కాఫీ గ్లాసు టేబుల్ మీద పెట్టేశాను. ఆవిడ పాటకి వంక పెట్టిన మనిషి భూమ్మీద లేడు. ఇప్పుడేం పేలుతుందో అని బిక్కచచ్చి చూస్తున్నాను.

"ఎంత?" అంది జానకీదేవి.

"రెండు మెట్లు. అందుకే పైన పగిలింది."

"అవును," అంది. "నువ్వు ఎత్తుకో అయితే."

బిందు ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. చిన్నప్పుడు తల్లి పక్కన నిలబడి అలవాటేమో, తలుపు మీద అరచెయ్యి ఆనించి, ఆ మోత వింటూ కళ్లు మూసుకుంది. షీరా సీడీ వేసవంతా వాళ్ల కార్‌లో కూడా మోగింది మరి. మాటలతో సహా ఎత్తుకుంది. ఏఖా. ఇన్నేళ్లు మూసిపెట్టిన గొంతు బొంగురుగా, తడిగా వచ్చింది. నా కళ్లు నిండిపోయాయి. ముందుగదిలో షీరా మాటలు ఆగిపోయాయి.

సగంలో ఒకచోట స్వరం జారింది. సంగీతం రాని నాకే తెలిసిందంటే జానకీదేవికి తెలియకుండా ఉంటుందా? ఆవిడ చెయ్యి ఒళ్లోంచి పైకి లేచింది. ఆ చెయ్యి పైకి వెళ్లి, ఆవిడ నోటినే గట్టిగా మూసింది. బిందు కళ్లు మూసుకునే ఉంది, చూడలేదు. పాట అయ్యేదాకా జానకీదేవి ఆ చెయ్యి తియ్యలేదు, అయ్యాక కూడా ఏమీ అనలేదు.